చెంబు అడుగున మిగిలిన గుక్క

"బియ్యం కడిగిన నీళ్ళు ఏం చేశావత్తా?"

పెరట్లోంచి మైలమ గొంతు బాణంలా వంటింట్లోకి దూసుకొచ్చింది. పొయ్యి ముందు కూర్చున్న నాగసానమ్మ తల కూడా తిప్పలేదు.

"ఏం చేస్తాను? తాగేశాను."

"ఆనపపాదు మొదలు నెర్రెలు విచ్చింది. నీ గోరింటాకు పొద మొదలు మాత్రం చెమ్మగా ఉంది. అంటే ఆ పొద తాగిందన్నమాట."

"కాస్త పోశాను. దానిదీ ప్రాణమేగా."

"కాస్తా? మెట్టు రాయి కూడా తడిసింది! మొదటి కడుగు గిన్నెలు నానబెట్టడానికి, రెండో కడుగు పాదుకు. ఈ ఇంటికొచ్చిన నాటి నుంచి చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. ఆనపకాయ అయితే కూరకొస్తుంది. గోరింటాకు దేనికొస్తుంది? ఊరంతా వెతికినా ఇంకో పొద లేదు, తెలుసా? నవ్వుతున్నారు. మీ పుట్టింట్లో గడప కింద ఏరు పారేదేమో, ఇది శిలాపురి!"

నాగసానమ్మ ఊదుగొట్టం కిందపెట్టింది. "నా పుట్టింటి ఊసెత్తకు. నీళ్ళు చూసి పెరిగినదాన్ని. చెయ్యి జారుతుంది. మీ మామ బతికున్నన్నాళ్ళూ ఒక్క మాటనలేదు."

"మామ అనలేదు కాబట్టే ఆ మాటలన్నీ నాకు మిగిల్చి పోయాడు."

గోడ పక్కన మూట కట్టుకుంటున్న కొమ్మన తల్లిని, పెళ్ళాన్ని మార్చి మార్చి చూశాడు. "మీ ఇద్దరికీ పొద్దున్నే పట్టిన చెమట ఆ పాదులో పడ్డా ఈపాటికి పిందె దిగేది," అన్నాడు.

ఇద్దరూ ఒకేసారి అతని మీదికి తిరిగారు. "నువ్వూరుకో!"

మరోరోజైతే ఈ తగువు మధ్యాహ్నం దాకా నడిచేది. కానీ ఆ రోజు కొమ్మన, మైలమ ఊరు విడిచి వెళ్ళాలి. వెళ్ళేచోటు నుంచి అంతవరకూ ఎవరూ తిరిగి రాలేదు.

శిలాపురి నల్లరాతి కొండల నడుమ, బోర్లించిన మూకుడు మీద కట్టినట్టుండే నగరం. వాన అరుదు. బావులు తవ్వితే గడ్డపార వంగుతుంది తప్ప నీరు పడదు. ఎగువ దేశం నుంచి దిగివచ్చే మువ్వలేరు ఒక్కటే ఆ రాజ్యానికి ఆధారం. అందుకే అక్కడ నీరు ఒక్క పనితో ఇల్లు దాటదు. ముఖం కడిగిన నీరు వాకిలి చల్లడానికి, కూరలు కడిగిన నీరు అంట్లకు, అంట్లు తోమిన నీరు పెరటి పాదులకు. చాకలి చివరి జాడింపు నీరు మర్నాడు బట్టలు నానబెట్టడానికి పనికొస్తుంది. కమ్మరి కాలిన కొడవలి ముంచిన తొట్టి నీటిని చల్లార్చి మళ్ళీ వాడతాడు. రాజుగారి తోటలో సైతం మొక్కకొక కుండ చొప్పున మెడదాకా పాతి, మూత పెట్టి ఉంచుతారు. కుండలోంచి ఊరిన చెమ్మ వేరుకే అందుతుంది, ఎండకు చుక్క కూడా దక్కదు. పాలు మరిచిన బిడ్డ నేర్చుకునే మొదటి విద్య అదే: చెంబు వంచే ముందు చెట్టు ఎక్కడుందో చూడడం.

అలాంటి శిలాపురికి పోయిన వేసవి నుంచి మువ్వలేరు రావడం మానేసింది. ఎగువనున్న నీరదపురిలో కుంభకేతుడనే మాంత్రికుడు రాజును కీలుబొమ్మను చేసి, నదిని తన తోటలో ఎక్కడో బంధించాడు. శిలాపురి సైన్యం కదిలితే కనుమలోకి వరద వదిలి గుర్రాలతో సహా కొట్టుకుపోయేలా చేశాడు. మారువేషాల్లో వెళ్ళిన వేగులు ఏమయ్యారో తెలియదు. పెద్దచెరువు అడుగున బురద పలకలుగా లేచింది. ఉన్న నీరు అమావాస్య దాకా వస్తే గొప్ప.

కొమ్మన రాజుగారి నీరటి. చెరువు తూములు ఎత్తి దించి, పొలాలకు వంతుల ప్రకారం నీళ్ళు వదిలేవాడు. తూము రాతికి చెవి ఆనిస్తే చాలు, లోపలి మూత ఎటు తిరిగి బిగుసుకుందో చెప్పేస్తాడు. నదిని ఎక్కడ, ఎలా మూశారో కనిపెట్టే పని మహారాజు అతనికి అప్పగించాడు. ఒంటరి మగవాడి మీద అనుమానం ఎక్కువని, పూలదండలు కట్టడంలో ఆరితేరిన మైలమ కూడా బయలుదేరింది.

ముందు వెళ్ళిన వేగులు ఎలా దొరికిపోయారో కొమ్మన ఊహించాడు. "నీళ్ళ దగ్గర మన చెయ్యి భయపడుతుంది. అది వాళ్ళ కంట పడుతుంది," అన్నాడు. అందుకని ఇద్దరూ నీళ్ళు పారబోయడం సాధన చేశారు. అయితే సాధన కోసం నీళ్ళు పారబోయడానికి శిలాపురిలో ఎవరికి మనసొప్పుతుంది? చెంబుల్లో ఇసుక నింపుకుని పారబోశారు. కొమ్మన తమ్ముడు బేతన కావలివాడి వేషం కట్టి పరీక్షలు పెట్టాడు. ఇద్దరూ మాటల మధ్య, నవ్వుల మధ్య, వెనక్కి చూడకుండా చెంబులు బోర్లించడంలో నేర్పరులయ్యారు.

నాగసానమ్మ ఒక్కతే పెదవి విరిచింది. "ఇసుకతో నేర్చుకుంటే ఇసుక పారబోయడం వస్తుందిరా," అంది. ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు ఆమె నేతి గిన్నె తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. తగువు ఇంకా ముఖం మీద అలాగే ఉంది. "కనుమలో పెదాలకు రాసుకోండి. దట్టంగా రాయి. అందులో కూడా పొదుపు చెయ్యకు."

*

కనుమ మొదట్లోనే సూర్యుడు మాయమయ్యాడు. రెండువైపులా ఆకాశాన్ని చీలుస్తున్నట్టు నిలువు బండలు. వాటి అంచుల మీద, తుప్పుపట్టిన కొడవళ్ళు వరసగా గుచ్చినట్టు, కుంభకేతుని ఇనుపముక్కు గద్దలు కూర్చున్నాయి. వాటికి మనిషి వాసన తెలియదు. ఎండిన పెదవుల వాసన తెలుసు. దప్పికతో ఆ దారిన వచ్చేవాళ్ళంతా శిలాపురివాళ్ళే కదా!

మొదటి గద్ద రెక్కలు విప్పి రాయిలా పడింది. దాని నీడ తాకేసరికే మైలమ మెడ మీద వెంట్రుకలు లేచాయి. గద్ద వాళ్ళ ముఖాల మీదుగా జానెడు ఎత్తున తిరిగింది. ముక్కు చివర ఎండిన రక్తపు చార కనిపించింది. నేతి వాసన దాని గొంతుకు అడ్డం పడినట్టుంది. ఒక్క కీచుమన్న కూతతో పైకి లేచిపోయింది.

"నడు. పరుగెత్తకు," అన్నాడు కొమ్మన పెదవి కదపకుండా.

"మావా, మీ అమ్మ గిన్నెడు నెయ్యి ఇచ్చింది."

"అయితే?"

"ఏం లేదు. ఊరికే చెబుతున్నా."

కనుమ దాటగానే కళ్ళు చెదిరాయి. నీరదపురి! గోపురాల మీంచి నీరు, మేడల అరుగుల మీంచి నీరు, వీధి నడుమ నీరు. ప్రతి ఇంటి గుమ్మం పక్కనా కంచు సింహం నోరు తెరిచి ధార కక్కుతోంది, దాన్ని మూసేవారు లేరు. ఏనుగులు తొండాలతో బాటసారుల మీద జల్లులు చిమ్ముతున్నాయి. ఒక ఇల్లాలు ఒక్క అరటాకు కడగడానికి కడివెడు నీళ్ళు కుమ్మరించింది. ఒక అంగడివాడు దుమ్ము లేవకుండా వాకిట బిందెలకు బిందెలు గుమ్మరిస్తున్నాడు. ఆ నీరంతా రాతి కాలువల్లో కలిసి, తళతళా మెరుస్తూ, నగరం చివరనున్న కొండచరియ వైపు పరుగులు తీస్తోంది.

మైలమ కాలువ వైపు చూసి, కళ్ళు తిప్పుకుని, మళ్ళీ చూసింది. కొమ్మన ఆమె మోచేయి నొక్కాడు. అంగడిలో పూలు కొని, దండలు కట్టి, బుట్టకెత్తుకుని ఇద్దరూ మాంత్రికుడి తోట వైపు నడిచారు.

తోట వాకిట్లో కావలివాళ్ళు కాళ్ళ మీద బిందెలు గుమ్మరించారు. లోపలికి వెళ్ళే ప్రతి ఒక్కరికీ అదే మర్యాద, అదే పరీక్ష. ఒక ముసలి కావలివాడు నీళ్ళ వంక కాదు, ముఖాల వంక చూస్తున్నాడు. మైలమ తల పైకెత్తి మబ్బులు చూసింది. తడి చల్లగా మడమల కిందుగా జారిపోతుంటే కాలివేళ్ళు వాటంతట అవే ముడుచుకున్నాయి. పూలబుట్ట కిందికి దించి వాటిని కప్పేసింది.

"ఎక్కడి దండలు?" అన్నాడు కావలివాడు.

"తూర్పు వాడ నుంచి, బాబూ. పొద్దున కోసినవి. చూడు, ఇంకా కారుతున్నాయి," అంటూ మైలమ ఒక దండ విదిలించింది. అతని ముఖం మీద నీళ్ళు పడ్డాయి. నవ్వి దారి వదిలాడు.

తోట నడుమ తామరకొలను. దాని మధ్య మనిషి ఎత్తు ఇత్తడి తామర. కొలను చుట్టూ రాతి బొమ్మలు, ప్రతి బొమ్మ నోటి నుంచీ కొలనులోకి ఆగకుండా ధార. దండలు వేయడానికి మొదటి బొమ్మ దగ్గరికి వెళ్ళిన మైలమ అక్కడే బిగుసుకుపోయింది. ఆ రాతి ముఖం ఆమెకు తెలుసు. పోయిన మాసం శిలాపురి నుంచి వెళ్ళిన వేగు సోమన. ధార వెనక అతని కళ్ళు రాయి కాలేదు. అవి కదిలాయి. ఆమెను గుర్తుపట్టాయి.

మైలమ అతని మెడలో దండ వేసింది.

అదే సమయంలో కొమ్మన కొలను గట్టు మీద దండ సర్దుతున్నట్టు వంగి, రాతికి చెవి ఆనించాడు. అతని ముఖంలో వెలుగు వచ్చింది. ఇంకో దండ అందుకుంటూ భార్య చెవిలో గబగబా చెప్పాడు.

"నది ఇక్కడే ఉంది. ఈ తామర కిందే. కాడ నీళ్ళలో మోకాటి లోతున ఉంది. దాన్ని ఎడమకు తిప్పితే మూత లేస్తుంది. కొలనులోకి దిగితే చాలు."

"దిగనిస్తారా?"

గట్టు పొడుగునా ఈటెలు మెరుస్తున్నాయి. కొలను అంచు తాకబోయిన ఒక నెమలిని అప్పుడే ఒక భటుడు పొడిచి పక్కకు ఈడ్చాడు.

"దండలు బాగున్నాయే!"

వెనక నుంచి వచ్చిన గొంతు తడి గుడ్డ పిండినట్టుంది. కుంభకేతుడు! నాచురంగు పట్టుబట్టలు, ఎప్పుడూ ఆరని జుట్టు, గడ్డం చివర ఎంతకీ రాలని ఒక నీటిబొట్టు. చేతిలో పాము ఎముకతో చేసిన దండం. అతని వెనక దాసి వెండి చెంబులు పట్టుకుని నిలబడింది.

"ఎండలో వచ్చారు. దాహం పుచ్చుకోండి."

ఇద్దరూ చెంబులందుకున్నారు. చల్లటి, తియ్యటి నీరు. మువ్వలేటి నీరు. ఎన్నాళ్ళయింది ఆ రుచి తగిలి! గొంతు దిగుతుంటే మైలమకు ఏడుపొచ్చింది. చెంబు అడుగున ఒక గుక్క మిగిలింది. మాంత్రికుడి కళ్ళు ఆమె మణికట్టు మీద ఉన్నాయి.

ఇసుక అనుకో, అనుకుంది మైలమ. ఇసుకే.

మాంత్రికుడితో మల్లెల బేరం మాట్లాడుతూనే, వెనక్కి చూడకుండా చెంబు బోర్లించింది. నీరు దారిలోని రాతి మీద చప్పుడు చేస్తూ పడింది. ఆ చప్పుడు ఆమె గుండెల మీద పడింది. కానీ పెదాల మీది నవ్వు చెదరలేదు.

కుంభకేతుడు తల పంకించాడు. దాసి ఖాళీ చెంబు తీసుకుంది. గండం గడిచిందని కొమ్మన ఊపిరి వదిలాడు. ఊపిరితో పాటు అతని చెయ్యి కూడా అదుపు వదిలింది. తన చెంబులో మిగిలిన గుక్కను, తనకే తెలియకుండా, ఒక్క అడుగు పక్కకు వేసి, మల్లెపొద మొదట్లో నెమ్మదిగా వంచాడు. చుక్క కూడా చిందకుండా.

గట్టు మీది ఈటెలన్నీ అతని వైపు తిరిగాయి.

"ఆమె పారబోసింది," అన్నాడు కుంభకేతుడు మెల్లగా. "చక్కగా పారబోసింది. కానీ నువ్వు చెట్టును వెతుక్కున్నావు. మా ఊళ్ళో మిగిలిన నీళ్ళకు చెట్టును వెతికేవాడు లేడయ్యా, శిలాపురి మనిషీ!"

పాము ఎముక దండం గాలిని కోసింది. కొమ్మన అరికాళ్ళు దారి రాతిలో కలిసిపోయాయి. బూడిదరంగు చీలమండల మీదుగా పైకి పాకసాగింది.

"పరుగెత్తు!" అని అరిచాడు. "నన్ను చూడకు! పరుగెత్తు!"

మైలమ పూలబుట్ట ఎత్తి మాంత్రికుడి ముఖం మీద విసిరింది. దండం దెబ్బ గురి తప్పి పక్కనున్న అరటిచెట్టును రాయి చేసింది. రెండు ఈటెలు ఆమె కొంగును చీల్చుకుంటూ పోయాయి. ఎటు చూసినా భటులు. కాళ్ళ దగ్గర, కొలను పొర్లునీరు పోయే రాతి కాలువ నోరు తెరిచి ఉంది. ఆమె ఆలోచించలేదు. అందులోకి దూకింది.

పైనుంచి కుంభకేతుని నవ్వు వెంటబడి వచ్చింది. "వెళ్ళి చెప్పు మీవాళ్ళకు! నది బంధంలో ఉన్నంతకాలం వీళ్ళూ బంధంలోనే! అమావాస్యకు రాయి గొంతు దాకా పాకుతుంది. ఆపైన మీ నీరటి నోట్లోంచే నా తోటకు నీళ్ళు!"

చీకటి సొరంగంలో ప్రవాహం ఆమెను బొంగరంలా తిప్పింది. భుజం రాతికి కొట్టుకుంది, మోకాలు చీరుకుపోయింది, ముక్కులోకి, చెవుల్లోకి నీరు. ఊపిరి తెగిపోతుందనుకున్న క్షణంలో వెలుగు విరుచుకుపడింది. కాలువ కొండచరియ అంచున అంతమైంది! ఏటవాలుగా వేలాడుతున్న ఒక రావివేరు చేతికి తగిలింది. రెండు చేతులతో దాన్ని కరుచుకుంది.

కింద, కనుచూపు మేర తెల్లటి ఉప్పుచవుడు. నీరదపురి వీధుల్లో పారిన నీరంతా, గుమ్మాల సింహాలు కక్కిన నీరంతా, ఏనుగులు చిమ్మిన నీరంతా ఆ చరియ మీంచి దూకి చవుడులో పడుతోంది. పడినచోటే మాయమైపోతోంది. గడ్డిపరక కూడా లేదు. ఆ నీటితో శిలాపురిలో ఎన్ని చెరువులు నిండేవో! మైలమ పళ్ళు కొరుక్కుంది. భయం కంటే కోపమే ఆ వేరు పట్టు జారకుండా ఆమెను కాపాడింది.

చరియ పాకి కనుమ చేరేసరికి నేతి గిన్నె లేదు, పెదవుల మీద నెయ్యి లేదు. కానీ ఒళ్ళంతా తడి. నీరదపురి ఆడదైతే కొంగు పిండి ఆరేసుకునేది. మైలమ పిండలేదు. తడిచీర అలాగే మోసుకుంటూ బండల నీడన నడిచింది. గద్దలు తల మీద తిరిగాయి, తడి వాసన చూసి వదిలేశాయి.

కొండగాలి మాత్రం వదల్లేదు. కుచ్చెళ్ళు ఆరాయి, నడుము ఆరింది, జుట్టు ఆరింది. కనుమ చివరి మలుపులో పెదవులు చిట్లాయి. వెంటనే పైన ఇనుప రెక్కల చప్పుడు! ఆమె పరుగందుకుంది. కొంగు చివర ముడిలో మాత్రం ఇంకా చెమ్మ ఉంది. ముడిని నోట్లో కుక్కుకుని పళ్ళతో నొక్కింది. పెదవుల మీదికి చివరి తడి ఊరింది. దూసుకొచ్చిన గద్ద ఆమె భుజం చర్మాన్ని గీరుతూ పక్కకు తప్పుకుంది. ఎదురుగా, ఎండలో, శిలాపురి కోటగోడ.

*

మర్నాటి మధ్యాహ్నం నాగసానమ్మ అన్నం వండి అందరికీ విస్తళ్ళు వేసింది. కోడలు చెప్పినదంతా విన్నాక ఆమె చేసిన మొదటి పని అదే. ఏడవలేదు. మైలమ భుజానికి పసుపు అద్ది, "ముందు తిను," అంది.

ముగ్గురు కూర్చున్న పంక్తిలో నాలుగో చోటు ఖాళీగా ఉంది. బేతన ముద్ద కలపలేదు.

"నేను వెళ్తాను. కత్తి తీసుకుని ఈ పూటే వెళ్తాను. ఆ గడ్డంవాడిని ముక్కలు చేస్తాను."

"వెళ్ళి ఏం చేస్తావు మరిదీ?" అంది మైలమ. "వాకిట్లో కాళ్ళ మీద బిందె కుమ్మరిస్తారు. నీ ముఖం చూస్తారు."

"నేను నవ్వుతాను."

"మీ అన్న కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. గండం గడిచాక చెయ్యి తనంతట అదే చెట్టు దగ్గరికి పోయింది. ఎవరు వెళ్ళినా అదే జరుగుతుంది. మహారాజు వెళ్ళినా అంతే. చూడు, ఇప్పుడు నీ చేతుల్నే చూడు."

బేతన చూసుకున్నాడు. అంత కోపంలోనూ తడి వేళ్ళను అతను విస్తరి పక్కనున్న తొట్టిలోకే విదిలిస్తున్నాడు. తొట్టి నుంచి గొట్టం పెరటి పాదుకు పోతుంది. అతను చేతిని ఒళ్ళో దాచుకున్నాడు.

"అయితే అన్నయ్య..." అని ఆగిపోయాడు.

పెరట్లో ఆనపతీగ గాలికి గరగరలాడింది. అమావాస్య ఎంతో దూరం లేదు. రాయి ఈపాటికి కొమ్మన మోకాళ్ళు దాటి ఉంటుంది.

నాగసానమ్మ భోజనం ముగించింది. కొడుకు గురించే ఆలోచిస్తూ చెంబు తీసుకుని, గుమ్మం దగ్గర చెయ్యి కడుక్కుంది. చెంబులో మిగిలిన నీటిని వెనక్కి చూడకుండా బయటికి విసిరింది. నీరు మెట్టు మీద ఫళ్ళున పడి, ఎండ రాతి మీద చెదిరి, ఆవిరైంది.

అలవాటు కొద్దీ మైలమ నోరు తెరిచింది. "అత్తా! ఆ నీళ్ళు..."

మాట సగంలో ఆగింది.

బేతన తల్లి వంక చూశాడు. మైలమ అత్త వంక చూసింది. నాగసానమ్మ ఖాళీ చెంబు వంక, తడిసిన మెట్టు వంక చూసింది. ఆమె ముఖం మెల్లగా మారింది.

"మళ్ళీ పారబొయ్యి అత్తా," అంది మైలమ. బిందెలో ముంచి నిండు చెంబు అందించింది. ఆ ఇంట్లో ఆ పూటకు మిగిలిన తాగునీరు అది. "మాట్లాడుతూ పారబొయ్యి."

"ఏం మాట్లాడను?"

"ఏదైనా. నన్ను తిట్టు."

"నిన్ను తిట్టడానికి నాకు ఆలోచన ఎందుకే? తెల్లారిందంటే అత్త చేతి వంకే నీ చూపు. ఒక్క చుక్క జారితే ఊరు మునిగినట్టు..." నాగసానమ్మ చెంబు బోర్లించింది. కనురెప్ప కదల్లేదు. మణికట్టు బిగియలేదు. నీళ్ళు ఎక్కడ పడ్డాయో చూడనైనా చూడలేదు.

బేతన తనకు తెలియకుండానే తడి మెట్టు మీదికి ఒంగాడు. మైలమ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆ నీరదపురిలో పుట్టాను," అంది నాగసానమ్మ, చెంబు కిందపెట్టి. "ఆ తామరకొలను నేనెరుగుదును. అప్పుడు మాంత్రికుడూ లేడు, బొమ్మలూ లేవు. పెళ్ళికి ముందు రోజు పెళ్ళికూతుర్ని ముసుగేసి తీసుకెళ్ళి ఆ కొలను నడుమ కాళ్ళు పెట్టించడం మా ఊరి ఆచారం. నా కాళ్ళూ పెట్టించారు. ఎంత రాక్షసుడైనా పెళ్ళికూతుర్ని ఆపితే ఊరి ఆడవాళ్ళు ఊరుకోరు." ఆమె కోడలి వైపు తిరిగింది. "కాడ ఎంత లోతులో ఉందన్నాడు వాడు?"

"మోకాటి లోతున. ఎడమకు తిప్పాలన్నాడు."

"చేత్తోనా?"

మైలమ ఒక్క క్షణం ఆలోచించింది. "కాలితోనైనా తిప్పొచ్చు. కానీ అత్తా, నేను రాలేను. ముసుగు నా ముఖాన్ని దాస్తుంది. నా చేతుల్ని ఏది దాస్తుంది? వాకిట్లో చెంబు ఇస్తే..."

"గోరింటాకు పెట్టుకున్న పెళ్ళికూతురి చేతికి ఎవరే చెంబిచ్చేది? పండేదాకా నీళ్ళు ముట్టకూడదు. తాగించినా నేనే తాగిస్తాను, కడిగినా నేనే కడుగుతాను. మిగిలింది నేనే పారబోస్తాను." నాగసానమ్మ గుమ్మం పక్కకు చూసింది. ఎండకు మాడిన పెరట్లో, పచ్చగా, నున్నగా, ఊరు ఊరంతా నవ్విన ఆ ఒక్క పొద గాలికి ఊగుతోంది.

మైలమ కూడా చూసింది.

"బేతనా, విస్తరి ముందు ఖాళీ చెయ్యి. తరువాత వెళ్ళి గోరింటాకు కోసుకురా. ఒక్క రెమ్మ కూడా మిగల్చకు," అంది నాగసానమ్మ. "రేపు పొద్దున బయలుదేరుతున్నాం. నా కోడలికి మళ్ళీ పెళ్ళి చేస్తున్నాను."